తెల్లతెర మీద జందీరా పెళ్ళి

ఇందులో తప్పులుంటాయి, సర్దుకుని చదువుకోండి. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. వత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చెయ్యి తడుముకుంటుంది, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. రాస్తూ రాస్తూ వెనక్కి పోతాను, మళ్ళీ ముందుకు వస్తాను. అది చేతకాకపోవడమే తప్ప ఇంకేమీ కాదు. చెప్పాల్సింది ఒక్క గంట సంగతి. నలభై ఆరో సంవత్సరం వైశాఖంలో, చిత్తూరులో, ఒక ఆదివారం పొద్దున పది గంటలకు అది మొదలైంది. తలచుకుంటే నాకు జరిగిపోయినట్టుగా ఉండదు, కళ్ళెదుట జరుగుతున్నట్టే ఉంటుంది. అందుకని అలాగే రాస్తాను.

రేకుల మీద ఎండ పడి సినిమా కొట్టం వేడెక్కుతోంది. పైకప్పులో మేకులు ఊడిన చోటల్లా వెలుతురు సన్నటి పుల్లల్లాగా దిగి తెర మీద పడుతోంది, పొద్దుటి ఆటకు ఇక్కడ బొమ్మ ఎప్పుడూ కాస్త పాలిపోయే ఉంటుంది. మగవాళ్ళకూ మాకూ మధ్య కట్టిన దుప్పటి పక్కన, తెరకు దగ్గరగా, నేల మీద కూచున్నాను. నా చేతిలో రేకు గొట్టం ఉంది. నా మగడు కుప్పయ్య, నేను మామా అని పిలుస్తాను, నాలుగేళ్ళుగా ఈ గొట్టంలోంచే కథ చెప్పాడు. ఇంగిలీషు బొమ్మ ఆడేటప్పుడు తెర పక్కన నిలబడి, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎందుకు ఏడుస్తున్నారో తెలుగులో చెప్పే మనిషి లేకపోతే నేల టిక్కెట్టు వాళ్ళు పది నిమిషాలు కూచోరు. ఆయన ఇప్పుడు ఈ రేకు గోడకు అవతల, కొట్టం వెనక మాకిచ్చిన గదిలో, చాప మీద ఉన్నాడు. గొంతులో గడ్డ. మాట పోయి నెలన్నర అయింది. కొట్టం యజమాని చౌడప్ప శుక్రవారం నాడు గడపలో నిలబడి, లోపలికి చూడలేక నేల చూస్తూ అన్నాడు, "కథ చెప్పేవాడు ల్యాకుండా ఆట ఎట్ల ఆడిచ్చేది తిరుమలమ్మా. ఇంకొకణ్ణి పెట్టుకుంటే వానికి ఈ గది ఇయ్యాల గదా." చెడ్డవాడు కాదు. నేను చెబుతానన్నాను. ఆడగొంతుకు జనం నవ్వుతారన్నాడు. మగగొంతుతో మా మామ పన్నెండేళ్ళు ద్రౌపది వేషం కట్టినప్పుడు ఎవరూ నవ్వలేదు గదన్నా అన్నాను. సరే, ఆదివారం పొద్దుటాట చెప్పి చూడమని వెళ్ళిపోయాడు. ఈ పొద్దున నేను బయలుదేరుతుంటే మామ సైగ చేసి ఆపి, చేతి కడియంతో రేకు మీద కొట్టి చూపించాడు. ఒక్క దెబ్బ అంటే చెప్పు. రెండు దెబ్బలంటే ఊరుకో, పాట విననీ. అంతకు మించి మేము ఏమీ అనుకోలేదు.

బొమ్మ మొదలైంది. యుద్ధం అయిపోయి సోల్జర్లు ఓడలెక్కేటప్పుడు మద్రాసులో వదిలేసిన ఫిలిం డబ్బాల్లోంచి వచ్చిన బొమ్మ ఇది. నాలుగు డబ్బాలు వచ్చాయి, నోటీసు లేదు. నోటీసు ఉంటే మిషన్ బడి అయ్యవారు జయరావు చదివి చెప్పేవాడు. రంగు లేదు, గీతలు గీతలుగా ఉంది. ఇసుక, ఇసుక మీద వలలు, వలల మధ్య వట్టి కాళ్ళతో ఒక పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయి, చేతిలో ఎండిన సొరబుర్ర, అందులో గింజలు. నవ్వే ముందు ఆ పిల్ల ఎడమ భుజం ఎగరేసింది. ఆ భుజం నాకు తెలుసు. జందీరా. మా ఊళ్ళో ఆమెను సొరబుర్రామె అంటారు, నేనూ మామా మాత్రం పేరుతోనే పిలుచుకుంటాం. దుప్పటికి అవతల ఎవరో పోల్చుకున్నారు. "ఒరే, సొరబుర్రామె రా. సచ్చిపాయ గదా ఈమె." ఇంకొకడు, "పడుసుదై తిరిగొచ్చింది సూడబ్బా, మనకు గూడా ఆ సావేదో వస్తే బాగుణ్ణు." నవ్వులు. రేకు మీద ఒక్క దెబ్బ. చెప్పు. నేను గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, సముద్రం ఒడ్డున ఒక పల్లె, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమెను మొదట చూసింది నలభై మూడులో. రంగుల బొమ్మ, పెద్ద హోటలు, మెట్ల మీద యాభై మంది ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య లావెక్కిన నడుముతో, మొహానికి పిండి పూసుకుని ఈ సొరబుర్ర ఆడించే మనిషి. మూడు నిమిషాలు. జయరావు నోటీసు చదివాడు. బ్రెజిలు అని ఒక దేశం, పడమటి సముద్రాల అవతల. అక్కడ ఈమె పెద్ద నటి. అమెరికావాళ్ళు ముచ్చటపడి ఓడలో పిలిపించుకున్నారు. పెద్ద నటి అయితే మూడు నిమిషాలేమిటని మామ అడిగాడు. జయరావు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "వాళ్ళ భాష ఈమెకు సరిగ్గా రాదంటప్పా. అందుకని మాట ఇయ్యకుండా ఆట ఇచ్చినారు," అన్నాడు. మామ ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆరోజు నుంచి ఏ బొమ్మలో ఆమె వచ్చినా కథ ఆమెదే చేసేవాడు. తెల్లపిల్ల, ఆమె ప్రియుడు, తోటలో ముద్దులు, అవన్నీ తెర మీద నడుస్తుంటే మామ గొట్టంలోంచి, వీళ్ళ సంగతి మనకెందుకు, మన జందీరా ఇప్పుడు వంటింట్లో కూచుని ఇంటికి ఉత్తరం రాస్తోంది అనేవాడు. జనం తెర మీద లేని మనిషి కోసం ఎదురు చూసేవాళ్ళు. ఆమె రాగానే ఈలలు. తర్వాత తర్వాత వచ్చిన బొమ్మల్లో ఆమె సన్నబడుతూ వచ్చింది, ఉండే సేపు పెరుగుతూ వచ్చింది. ఒకదాంట్లో పూర్తి పాట, ఒకదాంట్లో రెండు మాటలు, ఒకదాంట్లో ఏకంగా ప్రియుడు, చివరికి వాడు వేరే పిల్లను చేసుకున్నా. పైకొస్తోంది మే, అని మామ సంబరపడ్డాడు. జయరావే నోటీసుల అడుగున సంవత్సరాలు చూసి చల్లగా చెప్పాడు. మనకు డబ్బాలు తిరగేసి వస్తున్నాయి. కొత్తవి ముందు, పాతవి వెనక. చిత్తూరులో ఆమె పైకొస్తోంది, అక్కడ ఆమె అప్పటికే కిందికి దిగిపోయింది. ఓడ దిగిన రోజు ప్రియుడిని ఇచ్చారు, తర్వాత ప్రియుడిని తీసేసి మాటలు ఉంచారు, మాటలు తీసేసి పాట ఉంచారు, చివరికి యాభై మందిలో నిలబెట్టారు. ఈ ఆదివారం తెర మీద ఉన్నది ఓడ ఎక్కక ముందు మనిషి. ఇక దీనికి వెనక ఏమీ లేదు.

రెండు దెబ్బలు. పాట. ఊరుకున్నాను. నాకు మామ పాత గొంతు వినిపిస్తోంది. పూతలపట్టులో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజుల భారతం ఆడినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా అమ్మకు పినతల్లి కొడుకు, నగరిలో మగ్గం నేసేవాడు, ద్రౌపది చీర కట్టుకుని నిలబడి పిలిస్తే ముందు వరసలో ముసలివాళ్ళు ఏడుపు ఆపుకోవడానికి పైగుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. నన్ను ఆయనకే ఇస్తారని అప్పటికే ఇంట్లో అనుకునేవాళ్ళు, నాకు చీర కట్టిన మగడిని చేసుకోవడం సిగ్గుగా ఉండేది. యుద్ధంలో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే చిత్తూరు వచ్చాం. భారతంలో ఒక కట్టుబాటు ఉంది. అభిమన్యుడి చావు చెప్పిన రోజైనా, దుర్యోధనుడి వధ రోజైనా, కథ చెప్పే మనిషి చావు దగ్గర ఆపి లేవకూడదు. ధర్మరాజు పట్టాభిషేకం ఒక్క ముక్కైనా చెప్పి, హారతి ఇచ్చి లేవాలి. అలా కాకుండా లేస్తే ఆ చావు చెప్పిన నోటిని పట్టుకుని ఇంటికి వస్తుంది. మామ దీన్ని ఎన్నడూ తప్పలేదు. ఇంగిలీషు బొమ్మలకు కూడా, తెర మీద ఎవరు చచ్చినా, చివరికి ఎవరో ఒకరిని సింహాసనం ఎక్కించే గొట్టం దించేవాడు. జనానికి అలవాటైపోయింది. అమెరికాలో సింహాసనాలు ఉండవని జయరావు అంటే, వాళ్ళకు లేకపోతే మనం ఇస్తాం అనేవాడు.

ఒక్కసారి తప్పాడు. పోయిన కార్తీకంలో వచ్చిన బొమ్మలో జందీరా ఓడ మీద ఒక పాట పాడి వెళ్ళిపోయింది, ఆ తర్వాత గంటకు పైగా కనపడలేదు. సొరబుర్రామె యాడికి పాయె అని జనం గోల. ఆరోజు మామ అలసిపోయి ఉన్నాడు, అవతలి వీధిలో పెళ్ళికి పొద్దంతా పద్యాలు పాడి వచ్చాడు. విసుగొచ్చి, ఓడ మీది నుంచి సముద్రంలో పడి చచ్చిపోయింది అని చెప్పేశాడు. ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా ఏడుపు లేచింది. గేటు దగ్గర తమలపాకులమ్మే నాగులమ్మ గుండెలు బాదుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు ఇంజను ఆగింది, బొమ్మ ఆగింది, జనం చీకట్లో తడుముకుంటూ వెళ్ళిపోయారు. గదిలోకి వచ్చాక అడిగాను, "మామా, పట్టాభిషేకం చెప్పినావా?" కాళ్ళు కడుక్కుంటున్నవాడు తల ఎత్తలేదు. "యాడ చెప్పేది మే. బొమ్మే ఆగిపాయె. ఎవుర్ని ఎక్కిచ్చేది సింహాసనం?" అన్నాడు. మర్నాడు గొంతు బొంగురు పోయింది. మాఘంలో అంతకన్నా పాత బొమ్మ వచ్చి అందులో ఆమె నవ్వుతూ కనపడగానే జనం చచ్చినామె వచ్చిందని నేల చరిచి గోల చేశారు. మామ కూడా నవ్వి, మళ్ళీ పుట్టింది లెండి అని చెప్పబోయాడు. ఆ మాట సగంలో గొంతు పగిలి గాలి వచ్చింది. బతికున్న ఆడమనిషిని, అందులోనూ పరాయి దేశంలో నోరు లేకుండా పడి ఉన్నదాన్ని, నోటితో చంపాడు. ఆ చావు ఆ నోటిలోనే కూచుంది. నేను ఇప్పటికీ అది అబద్ధమని గట్టిగా అనలేను. వేలూరు ఆసుపత్రికి జయరావు తోడు వచ్చాడు. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి జయరావుతో ఇంగిలీషులో మాట్లాడింది. కాట్పాడిలో రైలెక్కేదాకా ఆయన నా మొహం చూడలేదు. రైలు కదిలాక, "దేవుని మింద భారం ఎయ్యి తల్లీ," అన్నాడు. ఆయన దేవుడు వేరు, మా దేవుడు వేరు, కానీ ఆ మాటకు అర్థం ఒకటే. నేను దేవుడి మీద వెయ్యలేదు. ఆమె మళ్ళీ ఒక్కసారి ఈ తెర మీదికి రావాలి, ఆమెను మా నోటితోనే బతికించి సింహాసనం ఎక్కించాలి అనుకున్నాను. వచ్చింది. అందుకే గొట్టం పట్టుకున్నాను. గది కోసం అని చౌడప్ప అనుకున్నాడు, మామ కూడా అలాగే అనుకుని ఉంటాడు.

పాట అయిపోయింది. తెర మీద జందీరా మాట్లాడుతోంది. ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. వాళ్ళమ్మతో, పడవవాడితో, మేకతో కూడా మాట్లాడుతోంది, గబగబా, చేతులు తిప్పుతూ, తన భాషలో, జయరావుకు కూడా రాని భాషలో. చూస్తూ ఉండిపోయాను. ఇన్ని మాటలున్న మనిషిని సొరబుర్ర ఇచ్చి యాభై మందిలో నిలబెట్టారు. దుప్పటి అవతలి నుంచి, "గొట్టంలో పిల్లి దూరిందనుకుంటి, అదీ సచ్చిందా?" అని ఒకడు. నాగులమ్మ నా పక్కనుంచి లేచి దుప్పటి మీదుగా, "నీ పెండ్లాం అరిస్తే ఇంట్లో పిల్లి మాదిరి కూచుంటావు గదరా మునిరత్నం, ఈడ గూడా అట్లే కూచో," అంది. మగవాళ్ళే పగలబడి నవ్వారు. గోడ అవతల ఒక్క దెబ్బ పడింది, కాస్త మెల్లగా. మామ కూడా నవ్వి ఉంటాడు. చెప్పాను. ఆమె మనిషి సముద్రం మీదికి పోయాడు, పోతూ బుర్ర ఇచ్చి పోయాడు, బుర్ర మోగినన్నాళ్ళు తాను బతికున్నట్టు లెక్క అన్నాడు. ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదు. ఆమె పట్నం పోయింది, అక్కడ పాటలు పాడింది, దుడ్డున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా గొంతు సాగింది. ఆడవాళ్ళు పిల్లల నోళ్ళు మూసి వింటున్నారు. మధ్య మధ్య ఒక్కో దెబ్బ. ఆ దెబ్బ వీపు మీద చెయ్యి వేసినట్టు ఉంది. నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఆరేళ్ళు, ఆయన నన్ను ఇంతవరకూ ఏ పనికీ మెచ్చుకోలేదు.

నాలుగో డబ్బా. ఆమె పల్లెకు తిరిగొచ్చింది. ఇంట్లో అమ్మ లేదు, తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఇసుక మీద నడుస్తోంది, వెనక నుంచి చూపిస్తున్నారు, జుట్టు విరబోసుకుని ఉంది. నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి. ఆగలేదు. మోకాళ్ళు. కొట్టంలో ఎవరూ కదలడం లేదు. నాగులమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "పోతాండాదే, మళ్ళీ నీళ్ళలోకే పోతాండాది," అంది. అప్పుడు మొదలైంది గోడ మీద. ఒకటి కాదు, రెండు కాదు. మూడు, నాలుగు, ఆగి మళ్ళీ మూడు, వరసగా, తొందర తొందరగా. మేము అనుకోని దెబ్బలు. నాకు అర్థమైంది అనుకున్నాను. ఆయన రేకు సందులోంచి నాగులమ్మ మాట విన్నాడు, మళ్ళీ చంపబోతున్నావు, ఆపు, ఆపు అంటున్నాడు. ఉండు మామా అనుకున్నాను. ఈసారి చావనివ్వను. గొట్టం రెండు చేతులతో పట్టుకుని, ఆమె చావడానికి పోవడం లేదు, దూరంగా ఓడ కనపడింది, ఎదురు పోతోంది అన్నాను. దెబ్బలు ఇంకా పడుతున్నాయి. ఓడలో ఆమె మనిషి ఉన్నాడు అన్నాను. దెబ్బల మధ్య ఎడం పెరిగింది. నేను గెలుస్తున్నాను అనుకున్నాను. ఒకటి పడింది. చాలాసేపటికి ఇంకొకటి, రేకును గీరినట్టు. ఆమె నడుం దాకా నీళ్ళలో ఉంది. ఇక పడలేదు.

తెర తెల్లబడింది. నాలుగో డబ్బా అయిపోయింది, ఐదోది ఏ ఓడలో పోయిందో ఎవరికీ తెలియదు. ఆమె నడుం దాకా నీళ్ళలో ఉండగానే తెల్లటి వెలుగు, దాని మీద రేకుల సందుల్లోంచి దిగే ఎండ పుల్లలు. మగవాళ్ళు లేచారు. నేను లేవలేదు. గోడ అవతల నిశ్శబ్దం ఎలాంటిదో నా వీపుకు అప్పుడే తెలిసింది, తెలిసినా నేను ఇక్కడ లేవకూడదు, ఇక్కడ లేస్తే రెండు చావులు. కూచోండి, కథ అయిపోలేదు అన్నాను. ఓడ వచ్చింది. అతను నీళ్ళలోకి దూకి ఆమెను ఎత్తుకున్నాడు. కొంతమంది నవ్వి వెళ్ళిపోయారు, కొంతమంది తిరిగి కూచున్నారు, ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. తెల్లటి తెర మీద పందిరి వేశాను. జందీరాకు మా నగరి మగ్గం మీది పట్టుచీర కట్టాను, చచ్చిన అమ్మను లేపి పీటల పక్కన కూచోబెట్టాను, తాళి కట్టించాను, ఆమె తన భాషలో ఎంత సేపైనా మాట్లాడవచ్చని అందరి ముందూ చెప్పించాను. ఆ తర్వాతి నెలలో వచ్చిన బొమ్మలో ఆమె మళ్ళీ మూడు నిమిషాలు యాభై మందిలో నిలబడిందని, ఆమె ఎవరో చెప్పేవాళ్ళు లేక జనం బీడీలు కాల్చుకోవడానికి బయటికి వచ్చారని జయరావు చెప్పాడు. నాకు అప్పుడు అది తెలియదు. నేను ఆమెను ఏనుగు మీద ఊరేగించి బ్రెజిలు దేశపు సింహాసనం మీద కూచోబెట్టి, కిరీటం పెట్టి, కర్పూరం లేదు కాబట్టి నోటితోనే హారతి ఇచ్చి, అప్పుడు గొట్టం దించాను. నాగులమ్మ కళ్ళు తుడుచుకుంటూ, మీ ఆయనకన్నా బాగా చెప్పినావు అంది.

ఎండలోకి వచ్చి, కొట్టం చుట్టూ తిరిగి గది తలుపు తీశాను. ఆయన చాప మీద లేడు. గోడ వారగా నేల మీద బోర్లా పడి ఉన్నాడు, ఒక చెయ్యి రేకుకు ఆనించి, ఇంకో చెయ్యి వెనక్కి చాచి. పొద్దున చాప చుట్టూ ఊడ్చేటప్పుడు నేను నీళ్ళ కుండను కాళ్ళ వైపు మూలకు జరిపాను, మళ్ళీ తల దగ్గర పెట్టడం మరిచిపోయాను. మెతుకు దిగడం మానేసినా ఆయనకు నీళ్ళు దిగేవి. చాచిన చేతికీ కుండకూ మధ్య మూరెడు నేల ఉంది.

చౌడప్ప వచ్చాడు, జయరావు వచ్చాడు. ఖననానికి కావలసినవన్నీ వాళ్ళే చూశారు. డాక్టరమ్మ ఎండాకాలం దాటడని అప్పుడే చెప్పిందట, నేను పక్కనే ఉన్నా ఆగేది కాదని జయరావు నాలుగు సార్లు చెప్పాడు. నాగులమ్మ నా చేతుల గాజులు తీస్తున్నప్పుడు, "నువ్వు నీళ్ళిచ్చినా పోయేవాడే గదమ్మా," అంది.

పోయేవాడే. నీళ్ళు తాగి పోయేవాడు.

తిరుమలమ్మ, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది వడమాలపేటలో.